జలుబు చేసిన రోజు

కుళాయి కింద స్టీలు గ్లాసు పట్టాడు. ఒక గుక్క నోట్లోకి తీసుకుని, అటూ ఇటూ పుక్కిలించి, కళ్లు మూసుకుని మింగాడు.

"నీళ్లలో మందు సరిపోయింది," అన్నాడు భార్యతో.

ఆమె బిందెలో పట్టిన నీళ్లను గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టింది. కింది వీధి దర్జీ కూతురు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో కాచకుండా నీళ్లు తాగేది అతనొక్కడే.

కుళాయి కట్టేసినా చుక్కలు పడుతూనే ఉన్నాయి. గ్లాసును దాని కిందే పెట్టాడు.

"సాయంత్రం వచ్చి వాషరు మారుస్తాలే."

ఆమె సంచిలో రెండు జతల బట్టలు సర్ది, పైన తువ్వాలు కప్పింది. అతను చూసీ చూడనట్టు చెప్పులు వేసుకున్నాడు.

ఊరి నీళ్ల ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరుగానే అతని జుట్టు నెరిసింది. పొట్టి మనిషి. బ్లీచింగు బస్తాలు మోసీ మోసీ ఎడమ భుజం కిందికి వాలిపోయింది. వేళ్ల చివర చర్మం పాలిపోయి పగిలి ఉంటుంది. అసలు పేరు ఎవరికీ తెలియదు గానీ, నాలుకాయన అంటే పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. నీళ్లలో మందు పడిందో లేదో చూడమని ఆఫీసువాళ్లు ఒక పరీక్ష పెట్టె ఇచ్చారు. గాజు గొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే పసుపు రంగు తిరగాలి. అతను ఆ పెట్టె మూత తీసిన పాపాన పోలేదు. "నా నోట్లోనే ఉంది పెట్టె" అనేవాడు గొప్పగా. ఇంజినీరు కూడా నవ్వేసి, తనిఖీకి రావడం మానేశాడు. ఒకరి ధీమా మీద ఒకరు హాయిగా కాలక్షేపం చేశారు.

ఒకసారి అతనికి గట్టిగా జలుబు చేసింది. ఆ పొద్దున కంచం ముందు కూర్చుని, "కూరలో ఉప్పేదీ?" అని భార్య మీద ఎగిరాడు.

"ఉప్పుంది. రుచి తెలియనిది మీకే," అంది ఆమె.

అలా తిట్టుకుంటూనే ట్యాంకు దగ్గరికి పోయి, అలవాటు కొద్దీ గుక్క తాగి, వాల్వు తిప్పాడు. మందు కలిపే గొట్టం పూడుకుపోయిందన్న సంగతి కింది వీధుల్లో వాంతులు మొదలయ్యాక గానీ బయటపడలేదు. దర్జీ కూతురు ఆసుపత్రికి చేరకముందే పోయింది.

మెమో ఇస్తారు, బదిలీ చేస్తారు, మహా అయితే జీతంలో కోస్తారు. సర్కారు నౌకరుకు ఇంతకు మించి శిక్ష ఉంటుందని అతను అనుకోలేదు. చేయాల్సిన పని చేయకపోవడం కూడా నేరమేనని, దానికి జైలుంటుందని కోర్టు మెట్లెక్కాకే తెలిసింది.

ఇవాళ తీర్పు. కోర్టు వరండాలో బల్ల మీద దర్జీ పక్కనే కూర్చోవాల్సి వచ్చింది, వేరే చోటు లేదు. దర్జీ మెడలో కొలత టేపు అలాగే ఉంది, దుకాణం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు.

"అన్నా, ఆ రోజు నీకు జలుబంట కదా," అన్నాడు దర్జీ మెల్లగా. "ఒక్క పూట సెలవు పెట్టుంటే బాగుండేది."

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

ఇంజినీరుకు జరిమానాతో సరిపోయింది. నాలుకాయనకు రెండేళ్ల జైలు పడింది.

వకీలు చెవి దగ్గరికి వంగి, "భయపడకు. అప్పీలు వేద్దాం. సాయంత్రానికల్లా బెయిలు మీద ఇంట్లో ఉంటావు," అన్నాడు.

అతను తలుపు వైపు చూశాడు. దర్జీ టేపును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడి ఉన్నాడు.

"వద్దు బాబూ."

"మతిపోయిందా నీకు?"

"ఆ పొద్దున కూర రుచే తెలియలేదు నాకు. తెలియట్లేదని తెలిసి కూడా నీళ్లు వదిలాను."

వెంట వచ్చిన భార్య ఏడవలేదు, వాదించలేదు. సంచి చేతికిచ్చి, "తువ్వాలు పైనే ఉంది," అంది. అతను పోలీసు వెనకే, ఎడమ భుజం వాల్చి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్లాడు.

ఆమె ఇంటికొచ్చి తాళం తీసేసరికి పొద్దు వాలింది. వంటింట్లో కుళాయి కింద, అంచుదాకా నిండిన గ్లాసు ఒక్కో చుక్కకూ కాస్త కాస్త పొర్లుతోంది.