అందరికీ ఒకటో నంబరే

"ఒకటో నంబరు నాది! బండి ఎనకకు తియ్!"

"నాది గూడ ఒకటే గదనే! ఇగో, ఫోన్ చూడు!"

పామాయిల్ ఫ్యాక్టరీ గేటు నుంచి అశ్వారావుపేట రోడ్డు దాకా ట్రాక్టర్లు ఆగిపోయాయి. పొద్దున టోకెన్ మెసేజ్ అందుకున్న ప్రతి రైతుకూ ఒకటో నంబరే వచ్చింది. నలుగురు డ్రైవర్లు ఒకేసారి కాటా మీదికి దూరబోయి చక్రాలు ఇరికించుకున్నారు. ట్రాలీల్లో ఎర్రటి గెలలు ఎండకు మాడుతున్నాయి.

సర్వర్ గది గుమ్మంలో మేనేజర్ అనిల్‌కుమార్ నిలబడ్డాడు.

"నిన్న సాయంత్రం సర్వర్ రీస్టార్ట్ చేసింది ఎవరు?"

"నేనే సర్," అంది సంగీత కీబోర్డు మీంచి చెయ్యి తీయకుండా. "రోజూ చేసేదే గద."

"అప్పటిదాంక మంచిగనే ఉండె. పాస్‌వర్డ్ మీ ఇద్దరికే తెలుసు. నీ సీనియర్ వెంకటకృష్ణ ఫోన్ కలుస్తలేదు. నీ పర్మనెంట్ ఆర్డర్ నా టేబుల్ మీదుంది. ఇయ్యాల సంతకం పెడదామనుకున్న. ఇప్పుడెట్ల పెట్టాలె?"

"జర ఆగుండ్రి సర్. చూస్తున్న."

ఆ ఫ్యాక్టరీలో ఒక ఆనవాయితీ ఉంది. తోట వేశాక మొట్టమొదటిసారి కోసిన గెలలతో వచ్చిన రైతును ఎంత వరుస ఉన్నా ముందు పంపుతారు. కాటా దగ్గర కొబ్బరికాయ కొట్టి దండ వేస్తారు. అందుకే టోకెన్ ప్రోగ్రాంలో ప్రతి రైతు పేజీకీ 'తొలికోత' అనే గడి పెట్టారు. అందులో 'అవును' అని ఉంటే ఒకటో నంబరు. గడి ఖాళీగా ఉంటే ప్రోగ్రాం అందరికీ కలిపి పెట్టిన సర్వర్ సెట్టింగుల్లో ఏముందో చూసి అదే తీసుకుంటుంది. అక్కడ ఎప్పుడూ 'కాదు' అనే ఉంటుంది.

సంగీత రైతుల పేజీలు తెరిచింది. అన్నీ ఖాళీ. సర్వర్ సెట్టింగులు తెరిచింది.

తొలికోత: అవును.

ఒక్క రైతుకు పెట్టాల్సినదాన్ని ఎవరో అందరి నెత్తినా పెట్టారు. రీస్టార్ట్ అయ్యేదాకా అది నిద్రపోయింది. లేపింది తన చెయ్యే.

ఎవరు? వైర్లు చూడటానికి వంగితే, ఏసీ గాలి తగిలే మూల తడిగుడ్డ మూట కనిపించింది. విప్పింది. చామంతి దండ. ఫ్యాక్టరీలో పూలు వాడిపోని చల్లటి చోటు ఇదొక్కటే. తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి.

ఇవాళ తొలికోత ఎవరిది?

సంగీత వాళ్లమ్మది. తండాలో తను యాడీ అని పిలిచే తల్లి హేమ్లి బిందెలతో నీళ్లు మోసి పెంచిన తోట. సొంత తల్లికి తనే ఒకటో నంబరు ఇచ్చుకుందంటారని ఆ గడి ముట్టుకోలేదు. కోత సంగతి చెప్పింది కూడా ఒక్కరికే. చేరిన కొత్తలో ఏది మార్చినా రెండుసార్లు చూసుకోమని నేర్పిన మనిషికి.

'కాదు' అని మార్చి సర్వర్ రీస్టార్ట్ చేసింది. బయట ఫోన్లు వరసగా మోగాయి.

"నాకు పదిహేడు! ఓర్నీ!"

"నాది మూడు, జరుగు బావా!"

ట్రాక్టర్లు కదిలాయి.

"దొరికిందా? ఎవరు చేసిండ్రు?" అడిగాడు అనిల్‌కుమార్.

సంగీత మూటను కాలితో మెల్లగా టేబుల్ కిందికి నెట్టింది.

"నేనే సర్."

ఆయన మైకు తీసుకుని కాటా దగ్గరికి నడిచాడు. సంగీత మూట పట్టుకుని వెనకే వెళ్లింది.

"రైతు సోదరులారా, పొరపాటు మాదే. మా స్టాఫ్‌ల సంగీత అని..."

"ఆ పిల్ల పేరెత్తకండి సార్!"

మోటార్‌సైకిల్ మీద ఒకాయన దూసుకొచ్చాడు. వెనకే గెలల ట్రాక్టరు, డ్రైవరు పక్కన హేమ్లి.

"వీళ్లమ్మకు దారి చూపిద్దామని పొద్దున్నే తండాకు వెళ్లాను. అడవిలో సిగ్నల్ చచ్చింది," అన్నాడాయన రొప్పుతూ. "ఈ పిల్ల నోరు తెరిచి అడగదని తొలికోత నేనే పెట్టాను. ఆవిడ పేజీలో పెట్టాననే అనుకున్నాను. మళ్లీ చూసుకుంటే కదా!"

అనిల్‌కుమార్ సంగీత వైపు తిరిగాడు. "మరి నువ్వెందుకు మీదేసుకున్నవ్, పిచ్చిపిల్లా?" అంటూ జేబులో పెన్ను తడుముకున్నాడు.

"తొలికోతనా? పోనియ్‌రి, పోనియ్‌రి!" మూడో నంబరు రైతు తన ట్రాక్టరు పక్కకు తీశాడు.

హేమ్లి కిందికి దిగి, అయోమయంగా చుట్టూ చూసింది.

"గింత లొల్లి ఎవలు చేసిండ్రు బిడ్డా?"

సంగీత దండ విప్పుతూ, మైకులో వినపడేలా నవ్వింది.

"ఇంకెవలు యాడీ? మా వెంకటకృష్ణ సారే!"