గోబీ మడిలో దొంగ ఈగ

బస్తరు రాజుల కాలంలో భోపాల్‌పట్నం పక్క పల్లెల్లో గోబీ, అంటే క్యాబేజీ, బంగళాలో దొరలు తినే కూర. వాగు ఒడ్డున ఉన్న మడిలో ఆ గోబీ వేస్తానని కోడలు సారలమ్మ అడిగితే, అత్త బుచ్చమ్మ బుగ్గలు నొక్కుకుంది. చివరికి ఒప్పుకుంది కానీ ఊరికే కాదు.

“ఈ ఏడు తోట నిలబడితే మడి నీది. లేకుంటే మళ్లా పొగాకే” అంది. అంతటితో ఆగిందా? పెరట్లో పొగాకు నారు కూడా పోసి పెట్టుకుంది. గడుసుది!

సారలమ్మకు తనదని చెప్పుకునే నేల జానెడు కూడా ఎప్పుడూ లేదు. ఆ మడి మీద పంచప్రాణాలూ పెట్టుకుంది.

మొక్కలు ఏపుగా ఎదుగుతుండగా పురుగు దిగింది. పసుపుపచ్చ ఒళ్లు, నల్ల చుక్కలు, ఆకుకో గుంపు. సారలమ్మ పొద్దున్నే ఆకులు తిరగేసి గుడ్లు నలిపేది, పురుగులను ఏరి కోళ్లకు వేసేది. అయినా ఆకులు జల్లెడలయ్యాయి. ఇప్పుడేమో కొన్ని పురుగుల పక్కనే నూకల్లాంటి పసుపు గింజలు కుప్పలుగా కనిపించాయి.

పురుగును చంపడానికి పొగాకు ఉడికించిన నీళ్లకుండతో అత్త వచ్చేసరికి కోడలు ఏడుస్తోంది.

“మళ్లా గుడ్లు పెడుతున్నయత్తా! ఆ నీళ్లు పొయ్, అన్నిటి మీదా పొయ్!”

బుచ్చమ్మ కుండ దించి, ఒక గింజను గోళ్ల మధ్య నలిపి చూస్తే సన్నటి దారం సాగింది. అడవిలో దసలి పట్టుపురుగుల గూళ్లు ఏరి, ఉడికించి, దారం తీసిన చేతులవి.

“గుడ్డుకు దారం ఉంటదా పిల్లా? ఇది గూడు. పురుగు లోపల చేరి తినే ఈగది. నా పట్టుపురుగులను నాశనం జేసే దొంగ జాతే! దాన్ని ఎన్ని తిట్లు తిట్టిన్నో! ఈడ నీ పురుగును తింటంది.”

సారలమ్మ ఆ గూళ్ల పక్కనున్న పురుగును పుల్లతో కదిపింది. అది తల కూడా ఎత్తలేదు.

“మరి ఈ నీళ్లు పోస్తే ఏందత్తా?”

“ఈగలు గూడ సస్తయి” అని బుచ్చమ్మ కుండ ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత సారలమ్మ గుడ్లనూ, చురుగ్గా కదిలే పురుగులనూ మాత్రమే ఏరింది. పసుపు గూళ్ల జోలికి పోలేదు. కొన్నాళ్లకు ఆకుల కింద నువ్వుగింజంత నల్లటి ఈగలు ఎగిరాయి. మొక్కల నడుమ కొత్త ఆకులు ఒక్క చిల్లు లేకుండా విచ్చి, లోపలికి ముడుచుకుని గడ్డ కట్టసాగాయి.

ఆ సంగతి చెబుదామని ఒక్క పరుగున ఇల్లు చేరింది. పెరట్లో నారుమడి బోసిగా ఉంది. అత్త అప్పుడే మడిలో పొగాకు నాటబోతోందా?

“నారేమయిందత్తా?”

“పక్కింటి లక్కేకు ఇచ్చిన” అంది బుచ్చమ్మ, చేట చెరుగుతూనే. “పరాయోళ్ల మడిల నేనెట్ల నాటేది?”