ఎవాల్డ్ రాస్పే చేతి పని

జర్మనీలోని జోలింగెన్ ఊళ్లో కత్తి చేసేవాళ్లకి పేరుంది, సాన పట్టేవాళ్లకి పేరుంది. కత్తి ఉక్కు అలుగు మీద మైనం పూసి, సూదితో బొమ్మ గీసి, యాసిడ్‌తో ఆ గీతని ఉక్కులోకి దింపే వాళ్లని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. హెద్విగ్ రాస్పే నలభై ఒక్క ఏళ్లు ఆ పనే చేసింది. ఆమెకి నేర్పింది తండ్రి ఎవాల్డ్. యాసిడ్ పొగకి ఆయన గొంతూ పోయింది, ఆమె వాసన పసిగట్టే శక్తీ పోయింది. పనిలోంచి దిగాక ఒక్కతే ఉంటూ, ఆదివారాలు పక్కింటి గిస్బెర్ట్‌తో పేకాడుకునేది.

గిస్బెర్ట్ ఒకప్పుడు సానగాడు. ఇప్పుడు పాత బాకులు పోగేసే పిచ్చి పట్టింది. ఆ వసంతంలో రైన్ నది మీద పడవ నడిపిన ఒకాయన భార్య దగ్గర చక్రవర్తి కాలంనాటి నౌకాదళ అధికారి బాకు కొన్నాడు. దంతపు పిడి, దాని చివర ఇత్తడి కిరీటం, అలుగు మీద లంగరు, లంగరు చుట్టూ మోకు.

"రేపు పాత ఆయుధాల సంతలో డాక్టర్ రైండర్స్‌కి చూపిస్తున్నా. నువ్వూ రా, హెద్విగ్. ఆయన నోరు తెరిచి చూస్తుంటే పక్కన ఎవరైనా ఉండాలి కదా."

"నీ బాకు కోసం రాను. అక్కడ చెర్రీలు వేసి వాఫుల్ బాగా చేస్తారు, దానికోసం వస్తా," అంది.

సంత జరిగే హాలు కిక్కిరిసి ఉంది. రైండర్స్ పాత ఆయుధాల మీద లావుపాటి పుస్తకాలు రాసిన మనిషి. ఆయన అసలుదంటే అసలుది, కాదంటే కాదు. భూతద్దం కంటికి పెట్టుకుని బాకుని అటూ ఇటూ తిప్పి, మెల్లిగా బల్ల మీద పెట్టాడు.

"పిడి పాతదే. అలుగు మాత్రం యుద్ధం తర్వాత ఎవరో చేసి అతికించారు. మోకు చూడండి, పురి ఎడమవైపు తిరిగింది. నేను చూసిన వందల బాకుల్లో ఒక్కదానికీ ఇలా లేదు. దొంగ పనివాడు అద్దంలో చూసి గీసినట్టున్నాడు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గిస్బెర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. "పోన్లెండి," అని గొణిగి బాకు అందుకోబోయాడు.

ఈలోగా హెద్విగ్ వాఫుల్ పళ్లెం కింద పెట్టి, వేళ్లు తుడుచుకుని బాకుని చేతిలోకి తీసుకుంది. కిటికీ వైపు తిప్పి మోకు మీద గోరు పోనిచ్చింది. మోకు వంపు తిరిగే ప్రతిచోటా గీత కాస్త లావెక్కి ఉంది. ఆ చెయ్యి పక్కన కూర్చునే కదా తను ఇంత పని నేర్చుకుంది!

"అద్దమూ లేదు, దొంగా లేడు డాక్టర్ గారూ. ఇది మా నాన్న పని. ఆయనది ఎడమ చెయ్యి."

రైండర్స్ జాలిగా నవ్వాడు. "అమ్మా, మీ అభిమానం నాకు అర్థమైంది. కానీ దీని మీద పేరు లేదే."

"పేరు వేసుకోనిచ్చింది ఎవరండీ మమ్మల్ని? కానీ ఎవరి పని ఎవరిదో తెలియాలని పిడిలోకి దూరే తోక మీద తలా ఒక గుర్తు వేసుకునేవాళ్లం. కాగితం ఇవ్వండి. ముందు నేను గీస్తా, తర్వాత పిడి విప్పుదాం."

ఆమె నాలుగు గీతల్లో ఏదో గీసి, మడిచి, పక్కన నిలబడ్డ ఒక ముసలాయన చేతిలో పెట్టింది.

"నిన్న రాత్రే ఇద్దరూ కలిసి విప్పి చూసి ఉంటారు," అన్నాడు గుంపులో ఒకడు.

రైండర్స్ భూతద్దంతో కిరీటం అంచు చూశాడు. మనిషి పట్టుదల గలవాడే గానీ అబద్ధమాడేవాడు కాదు. "లేదు. కిరీటం బిగించిన మర చుట్టూ పచ్చటి చిలుము కదలకుండా ఉంది. దీన్ని ఎన్నో ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు."

గిస్బెర్ట్ కిరీటాన్ని తిప్పాడు, కదల్లేదు. "నీది సాన పట్టే చెయ్యి, బలం తప్ప ఒడుపు లేదు. ఇలా ఇవ్వు," అని హెద్విగ్ లాక్కుంది. చుక్క నూనె అడిగి వేసి, చేతిరుమాలు చుట్టి, నొక్కి తిప్పింది. కిరీటం కిర్రుమంది. కిరీటం ఊడి వచ్చింది, దంతపు పిడి జారింది, నల్లబడ్డ ఉక్కు తోక బయటపడింది. రైండర్స్ దాన్ని గుడ్డతో తుడిచి వంగి చూశాడు.

"నత్త," అన్నాడు. "చిన్న నత్త బొమ్మ ఉంది."

ముసలాయన కాగితం విప్పి అందరికీ పట్టి చూపించాడు. నత్తే. గుల్ల చుట్ట ఎడమవైపుకే.

"పని నెమ్మదిగా చేస్తాడని షాపులో అందరూ నత్తగాడని ఏడిపించేవాళ్లు," అంది హెద్విగ్. "సరే, నత్తనే, అని ఆయన దాన్నే గుర్తు చేసుకున్నాడు."

ముందు గిస్బెర్ట్ అరిచాడు. తర్వాత హాలంతా చప్పట్లు. రైండర్స్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నేను తప్పు చెప్పాను," అని అందరికీ వినపడేలా అని, ధ్రువపత్రం తీసి కలం విప్పాడు. "మీ నాన్నగారి పూర్తి పేరు చెప్పండమ్మా. అలుగు మీద బొమ్మ ఎవరిదో కూడా రాస్తాను. నా పుస్తకంలోనూ దిద్దుతాను."

"ఎవాల్డ్ హైన్రిష్ రాస్పే," అందామె, ఒక్కో అక్షరం విడమరిచి. ఆయన బతికినన్నాళ్లూ జీతాల చిట్టాలో తప్ప ఎక్కడా ఎక్కని పేరు అది. సిరా తడి ఆరేదాకా ఆమె దానివైపే చూస్తూ నిలబడింది. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

తల తిప్పేసరికి తన ముందు వరస కట్టిన మనుషులు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బాకు. రైండర్స్ తన కుర్చీ ఆమెకి జరిపి, తను పక్కన స్టూలు లాక్కున్నాడు. మొదటిదాన్ని చూడగానే, "ఇది నిరుడు చేసింది, యాసిడ్ ఇంకా పచ్చిగానే ఉంది," అంది. రైండర్స్ రాసుకున్నాడు.

"హెద్విగ్, నాలుగింటి బస్సు పోతుందే!" అన్నాడు గిస్బెర్ట్.

"పోతే పోనీ. ఆ వాఫుల్ వేడి చేయించి తీసుకురా," అని ఆమె రెండో బాకుకి చెయ్యి చాచింది.