కృపానందంగారి సింహాసనం

ఫోన్లో కృపానందం చెప్పిందేమో, "యాంటిక్‌ని తీసుకొస్తున్నా, హాల్లో చోటు చెయ్యి" అని. భార్య ఎలిజబెత్‌కి వినపడిందేమో, "ఆంటీని తీసుకొస్తున్నా" అని. ఏ ఆంటీనో అడిగేలోపే లైను కట్టయింది. దాంతో ఆ మహాఇల్లాలు సోఫా మీద దుమ్ము దులిపి, కోడిని కోయించి, కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

సాయంత్రానికి ట్రాలీ రిక్షా వచ్చి ఆగింది. అందులో తాళ్ళతో కట్టేసి, కాళ్ళు ఆకాశానికి చాపుకుని ఒక పెద్ద కుర్చీ. దాని పక్కనే, కొత్త కోడల్ని తీసుకొస్తున్నవాడిలా జాగ్రత్తగా నడుస్తూ కృపానందం.

"ఆంటీ ఏరండీ?"

"ఏ ఆంటీ?"

"ఆవిడ కోసం కోడిని కోయించాను కదండీ!"

"ఆంటీ కాదు లిజ్జీ, యాంటిక్! ఆంటీ అయితే వయసు దాచుకుంటుంది. యాంటిక్ అయితే వయసు చెప్పుకుని బతుకుతుంది."

"మరి కోడి?"

"అదీ యాంటిక్ కాకముందే వడ్డించు."

కృపానందం ఇరిగేషన్ ఆఫీసులో కొత్తగా సూపరింటెండెంటు అయినవాడు. కాలవల్లో నీళ్ళు పారినా పారకపోయినా ఆయన నోట్లో శ్లేషలు పారాల్సిందే. అది తొంభై తొమ్మిదో సంవత్సరం. బెజవాడలో కాస్త చేతిలో డబ్బు ఆడుతున్నవాళ్ళందరికీ పాత సామాన్ల పిచ్చి పట్టింది. అటకెక్కించిన ఇత్తడి గుండిగల్ని దింపి, చింతపండుతో తోమి హాల్లో పెట్టుకుంటున్నారు. ఆఫీసులో పై అధికారిగారైతే వాళ్ళమ్మగారి రుబ్బురోలుని తిరగేసి టీపాయ్ చేసుకున్నారు. అది చూసొచ్చిన రోజు నుంచీ మనవాడి కడుపులో పొత్రం తిరుగుతూనే ఉంది.

పాత సామాను కొనడంలో ఆయనకొక సిద్ధాంతముంది. నచ్చిన వస్తువు వంక చూడకూడదు. దాని పుట్టుపూర్వోత్తరాలు అడక్కూడదు. అడిగామా, ఆశ బయటపడుతుంది, ధర మేడెక్కుతుంది. అందుకని గవర్నర్‌పేట సందులో అబ్దుల్ రవూఫ్ కొట్లోకి వెళ్ళి, ఇద్దరు పట్టే ఆ టేకు కుర్చీని ఓరగా చూసి, సింహం మొహాలు చెక్కిన దాని చేతులకి గుండె ఇచ్చేసి, ఆయన చేసిన మొట్టమొదటి పని పక్కనున్న విరిగిన స్టూలుని బేరమాడటం.

"ఆ పెద్ద కుర్చీ కూడా చూడండి సార్," అన్నాడు రవూఫ్. "కొత్త పచ్చ ముఖమల్ వేయించాను. చల్లపల్లి నుంచి వచ్చింది. దీని మీద కూర్చున్నవాళ్ళు..."

"చెప్పొద్దు!"

"అది కాదు సార్, ఇది అసలు ఎవరిదంటే..."

"ఎవరిదైతే నాకేంటయ్యా? కాళ్ళు నాలుగూ ఉన్నాయా, లేవా?"

రవూఫ్ నోరు తెరవడం, కృపానందం మూయించడం. చివరికి సార్‌కి అన్నీ తెలుసు కాబోలని రవూఫ్ ఊరుకున్నాడు. సార్ మాత్రం లోపల లెక్క తేల్చేసుకున్నాడు. చల్లపల్లి అంటే ఎస్టేటు. ఎస్టేటు అంటే జమీందారు. జమీందారు అనే మాటలోనే దారువుంది, దారువంటే కొయ్య. ఇంకేం రుజువు కావాలి?

ఇంట్లో చిక్కొచ్చింది. హాల్లో అప్పటికే అత్తగారు సంపూర్ణమ్మ కొనిచ్చిన రెక్సిన్ సోఫా సెట్టుంది. రెండిటికీ చోటు లేదు. ఎలిజబెత్ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి, సింహం మూతి తడిమి, మొగుడి మొహంలోకి చూసింది.

"ఎవరిదండీ ఇది?"

"రాజావారిది!"

"ఎవరు చెప్పారు?"

"ఎవర్నీ చెప్పనివ్వలేదు. నేనే కనిపెట్టాను."

"సరే. ఆదివారం మీ ప్రమోషన్ కృతజ్ఞత కూటం ఉందిగా. ఈలోపు ఇది ఎవరిదో సరిగ్గా కనుక్కుని, నలుగురి ముందూ చెప్పండి. చెబితే అమ్మ సోఫా డాబా మీదకి. లేదంటే మీ కుర్చీ డాబా మీదకి."

"వానకి తడుస్తుందే!"

"రాజావారికి జలకాలనుకోండి."

కనుక్కోవడానికి ఆయన చేసిన పరిశోధన ఏమిటయ్యా అంటే, అద్దం ముందు నిలబడి సాక్ష్యం అభ్యాసం చెయ్యడం. కృతజ్ఞత కూటంలో ఇంటాయన లేచి దేవుడు తనకి చేసిన మేళ్ళు సాక్ష్యంగా చెప్పాలి కదా. ఆ మేళ్ళలో ప్రమోషన్ ఒక్క వాక్యంలో అయిపోయింది. మిగిలిందంతా కుర్చీయే.

ఆదివారం హాలు నిండింది. నడుమ కుర్చీ. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు, పాస్టరుగారికి కూడా ప్లాస్టిక్ కుర్చీయే. సంపూర్ణమ్మ తన సోఫాని కోటలా ఆక్రమించుకుని కూర్చుంది. సాక్షిగా ఉంటాడని పిలిచిన రవూఫ్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సహోదరీ సహోదరులారా!" మొదలుపెట్టాడు కృపానందం. "ఒకప్పుడు నేను చాప మీద కూర్చున్నాను. ప్రభువు నన్ను బల్ల మీదకి ఎక్కించాడు. బల్ల మీంచి సోఫాకి. సోఫా సో గుడ్! ఇప్పుడు చూడండి, దివాణంలో రాజులు కూర్చున్న సింహాసనం ఈ దీనుడి ఇంటికి..."

సరిగ్గా అప్పుడే ఎలిజబెత్ అక్క కూతురు డయానా చంటిపిల్లని ఎత్తుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆలస్యంగా వచ్చింది. ఖాళీగా కనపడింది ఆ కుర్చీ ఒక్కటే. కూర్చోబోయి ఎగిరి గంతేసింది.

"అమ్మో, బాబాయ్! దీని కుడిచెయ్యి కింద మేకుంటుంది, జాగర్త!"

"నీకెలా తెలుసమ్మా?"

"నా పెళ్ళి గౌను చిరిగింది దానికే కదా! అప్పుడు ఎర్ర ముఖమల్ ఉండేది."

పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. "అవునవును. పెళ్ళి సామాను అద్దెకిచ్చే చల్లపల్లి పుల్లయ్యది. నేను చేసిన పెళ్ళిళ్ళలో సగం జంటలు దీని మీదే కూర్చున్నాయి బ్రదర్."

ఇక హాలంతా ఒకటే గోల. ఒకావిడ పట్టుచీర చిరిగిందట. ఇంకొకావిడ ఓణీ. తలుపు దగ్గర్నుంచి రవూఫ్ కూడా చెయ్యెత్తాడు.

"మా అమ్మాయి ఆఫ్రీన్ షాదీలో దాని షరారా డ్రస్సు చిరిగింది సార్. పుల్లయ్య కొట్టు ఎత్తేస్తూ సామానంతా నాకే ఇచ్చాడు. చెబుదామంటే మీరు నోరెత్తనిచ్చారా?"

కృపానందం మునిగిపోతూ చేతికందిన గడ్డిపరక పట్టుకున్నాడు. "అయితేనేమండీ! దీని మీద కూర్చున్న ప్రతివాడూ ఆ పూటకి రాజే కదా!"

"ఆ పూటకి అద్దె కట్టింది నేను అల్లుడుగారూ," అంది సోఫాలోంచి సంపూర్ణమ్మ. "మీ పెళ్ళికి."

హాలంతా కడుపులు పట్టుకుని నవ్వింది.

"ఎడంపక్క మీరు, కుడిపక్క నేను," అంది ఎలిజబెత్. "అప్పుడు చిరిగిన నా చీరకి రఫ్ఫు కుట్టించి ఇప్పటికీ బీరువాలో దాచుకున్నాను. ట్రాలీలోంచి దింపుతుంటేనే ఆనవాలు పట్టాను. మీరూ పడతారేమోనని చూశాను."

"ఆ రోజు నేను నిన్ను చూశాను లిజ్జీ, కుర్చీని కాదు!"

"ఆ రోజంతా మీరు ఫొటోగ్రాఫర్ని చూశారు."

"బ్రదర్," అన్నారు పాస్టరుగారు దయగా, "సాక్ష్యం ముగిస్తే ప్రార్థన చేసుకుందాం. బిర్యానీ చల్లారుతోంది."

కృపానందం గొంతు సవరించుకున్నాడు. "సహోదరీ సహోదరులారా, అందరికీ అర్థమయ్యేలా చెబుతాను. ఈ కుర్చీ రాజావారిది కాదు. పుల్లయ్యగారిది. ధర పెరుగుతుందని రవూఫ్ భాయ్ నోరు నొక్కాను. తెలియదంటే పరువు తక్కువని ఇంకెవర్నీ అడగలేదు. ఇంట్లో ఆవిణ్ణి ఒక్క ముక్క అడిగితే ఆ పూటే తేలిపోయేది. అద్దెకి కూర్చున్న కుర్చీనే అడిగినంతా పోసి కొనుక్కొచ్చాను. బేరం నాది, భారం డాబాది. షరతు ప్రకారం పైకి ఎక్కించడానికి నలుగురు సహోదరులు రండి."

ఒక్క సహోదరుడూ రాలేదు. డయానా మొగుడు అప్పటికే కెమెరా తీశాడు. ఆ కుర్చీ మీద ఫొటో కోసం జంటలన్నీ వరస కట్టేశాయి, కుడిపక్క ఆడవాళ్ళు చెంగులు ఒళ్ళోకి లాక్కుని మరీ. ముందు వరసలో పాస్టరుగారూ, పాస్టరమ్మగారూ.

"ఫొటోలయ్యాకే ఎక్కించండి అల్లుడుగారూ," అంది సంపూర్ణమ్మ సోఫాలో ఇంకాస్త వెనక్కి వాలుతూ. "నాకేం తొందర లేదు."