నా వైపు హీటర్

“టార్చ్ సరిగ్గా పట్టుకో. చేతిలో సత్తువ లేదా ఏంటి?”

కారు కింద నుంచి మా ఆయన అన్న మాట ఇది. సెలవు రోజు, పొద్దున్నే, షెడ్డులో గచ్చు మీద మోకాళ్ల మీద కూర్చుని ఆయనకి వెలుతురు పడుతున్నాను. స్టవ్ మీద కుక్కర్ పెట్టి వచ్చాను కాబట్టి ఒక చెవి వంటింట్లోనే ఉంది. వాషింగ్ మెషీన్ ఈపాటికి ఆగిపోయి ఉంటుంది, బట్టలు తీసి ఆరెయ్యాలి. అత్తగారి మందులు అయిపోయాయి, తేవాలి. వారమంతా ఆసుపత్రిలో నిలబడి చేసిన డ్యూటీకి నడుము పట్టేసి ఉంది. ఇవేవీ టార్చ్ పట్టుకోవడానికి అడ్డం కావని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం.

మేం ఉండేది నలుగురం. ఆయన, నేను, అత్తగారు, పాప. ఆయన కొన్నది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పెళ్లయిన కొత్తలో పాతదాన్ని వెతికి వెతికి పట్టుకొచ్చాడు. ఎర్ర రంగు, నేలకి ఆనుకున్నట్టుండే ఒళ్లు, సీట్ల వెనక ఇంజన్. అందులో ఎక్కాలంటే ముందు కూలబడాలి, దిగాలంటే ఎవరైనా చెయ్యిచ్చి లాగాలి. అత్తగారు ఒకే ఒక్కసారి ఎక్కి, “మావాడి కారు చలికాలానికి భేషుగ్గా ఉంటుంది” అని దిగి, మళ్లీ ఆ ఛాయలకి రాలేదు. ఆవిడ అదృష్టవంతురాలు. ఆ రెండో సీటు నాది.

ఈ కారుకి మొదట్నుంచీ ఒకటే జబ్బు. వేడెక్కుతుంది. రేడియేటర్ ముందు ముక్కులో ఉంది, ఇంజన్ వెనక ఉంది, మధ్యలో నీళ్లు పొడవాటి గొట్టాల్లో అటూ ఇటూ తిరగాలి. ఏదో ఒకచోట కారుతుంది. కారినప్పుడల్లా మా ఆయన కొత్త భాగం తెచ్చి తనే బిగిస్తాడు. రేడియేటర్ మార్చాడు, పంపు మార్చాడు, మూత మార్చాడు. “నా బండి మీద ఇంకొకడి చెయ్యి పడనివ్వను. అన్నీ స్వయంగా చేసుకుంటా” అని స్నేహితుల ముందు కోతలు కోస్తుంటే నేను వాళ్లకి కాఫీలు అందిస్తూ విన్నాను. స్వయంగా అంటే ఏమిటో నాకు తెలుసు. ఆయన పడుకుంటాడు. నేను పానా అందిస్తాను, అది కాదు ఇంకోటి అంటే ఇంకోటి అందిస్తాను, కారిన నీళ్లు తుడుస్తాను, ఆయన బట్టల మీది గ్రీజు గీకి గీకి ఉతుకుతాను, ఆయన స్నానం చేసొచ్చాక బాత్రూం గచ్చు కడుగుతాను. అందరూ ఆయన చేతులు చూసి మెచ్చుకుంటారు.

ఇంత చేసినా అది వేడెక్కుతూనే ఉంది. దారిలో ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్ర గీత వైపు పాకితే మా ఆయన దగ్గర ఒక చిట్కా ఉంది. హీటర్ ఫుల్లుగా పెట్టేస్తాడు. ఇంజన్‌లోని వేడిలో కొంత కారు లోపలికి వచ్చేస్తుంది, ఇంజన్ బతికిపోతుంది. మండుటెండలో అద్దాలు దించుకుని, హీటర్ వేసుకుని షికారు వెళ్లే దంపతులు ఎవరైనా ఉన్నారంటే అది మేమే. వేడి గాలి డాష్‌బోర్డు కింద నుంచి సూటిగా కాళ్ల మీదికి కొడుతుంది. చెప్పుల పట్టీలు కాలి చర్మానికి అతుక్కుంటాయి.

పాప కడుపులో ఉన్నప్పుడు స్కానింగ్ చేయించుకుని వస్తున్నాం. బళ్లన్నీ ఆగిపోయాయి, ముల్లు లేచింది, ఆయన హీటర్ పెట్టాడు. కాళ్లు ముడుచుకుందామంటే పొట్ట అడ్డం. “ఆపండి, నా వల్ల కావట్లేదు, దిగి నడిచొస్తాను” అన్నాను. ఏడ్చాను కూడా. అప్పుడాయన నా వైపు తిరిగి చాలా సౌమ్యంగా ఒక మాట అన్నాడు. “నాకు మాత్రం కాలట్లేదా? నేను ఓర్చుకోవట్లేదా?”

నోరు మూసుకున్నాను. నిజమే కదా అనుకున్నాను. పక్కనే కూర్చున్నాడు, అదే కారు, అదే వేడి, పైగా నడుపుతున్నాడు కూడా. ఒక్క మాట అనకుండా భరిస్తున్నాడు, నేనేమో చిన్నపిల్లలా ఏడుస్తున్నాను అని సిగ్గుపడ్డాను. ఇంటికొచ్చాక పాదాల మీద బొబ్బలు చూపిస్తే అత్తగారు, “కడుపుతో ఉన్నప్పుడు కాళ్లకి ఇలాంటివి మామూలేలే. మేం కనలేదా?” అన్నారు. ఆ తర్వాత ఎన్ని వేసవులు అలా కూర్చున్నానో. నోరు తెరవబోయినప్పుడల్లా ఆయన అదే మాట అనేవాడు. అదే మాటకి నేనూ నోరు మూసుకునేదాన్ని.

రేపు ఆయన స్పోర్ట్స్ కార్ల మిత్రులంతా కొండ మీదికి వెళ్తున్నారు, భార్యలతో సహా. “నేను రాను. ఆ సీట్లో ఇక కూర్చోలేను” అని రాత్రే చెప్పాను. ఆయన నవ్వాడు. “కూర్చోడానికి కూడా కష్టమేనా నీకు? నడిపేది నేను కదా!” అత్తగారు కూడా నవ్వారు. రేపటి తినుబండారాలు ఏం చెయ్యాలో చెప్పి ఆయన పడుకున్నాడు. నేను వచ్చే విషయం ఖాయమైపోయింది.

కొత్త గొట్టం బిగించడం అయింది. రేడియేటర్‌లో పోసే కూలెంట్ నీళ్ల డబ్బా ఎత్తి గటగటా వొంపేశాడు, మూత పెట్టాడు, స్టార్ట్ చేశాడు. కాసేపటికి ముల్లు లేచింది.

“లోపల గాలి ఉండిపోయిందేమో,” అన్నాను. “నెమ్మదిగా పోసి, పైనున్న స్క్రూ వదులు చేసి, బుడగలు పోయేదాకా...”

“వార్డులో నర్సమ్మవి, ఇక్కడ కాదు.”

పానా విసిరికొట్టాడు. అది గోడకి తగిలి నా కాళ్ల దగ్గర పడింది. “నేనెళ్లి మా వాణ్ణి అడిగొస్తా. వచ్చేసరికి ఇదంతా శుభ్రంగా ఉండాలి” అని చేతులు నా టవల్‌కి తుడుచుకుని స్నేహితుడింటికి వెళ్లిపోయాడు.

నేను డయాలసిస్ వార్డులో పనిచేస్తాను. మనిషి నెత్తురు సన్నటి గొట్టంలో బయటికొచ్చి, మెషీన్‌లో శుభ్రపడి, మళ్లీ లోపలికి వెళ్తుంది. ప్రతి మనిషిని మెషీన్‌కి కలిపే ముందు ఆ గొట్టాల్ని సెలైన్‌తో నింపి, గాలి లేకుండా చేయడం నా పని. వేలితో మీటుతూ, గొట్టాన్ని ఎత్తి పట్టుకుని, బుడగ పైకి వచ్చేదాకా ఆగాలి. తొందరపడితే కుదరదు. అంతా అయ్యాక డాక్టర్ వచ్చి పేషెంటుతో “భయపడకండి, నేను చూసుకుంటున్నాగా” అంటాడు. మీటింగులో నేను చెప్పినప్పుడు ఎవరూ తలెత్తని మాటని అదే డాక్టర్ పది నిమిషాలాగి చెబితే అందరూ రాసుకుంటారు. ఇంట్లోనూ అంతే, అక్కడా అంతే. నాకు తెలిసింది నా నోట్లోంచి వస్తే అది తెలిసినట్టు కాదు.

సర్దడానికి తుడుపు గుడ్డ తీసుకున్నాను. దాన్ని పక్కన పడేసి జాక్ తీసుకున్నాను.

ముందు ఇంజన్ చల్లారనిచ్చాను. ఇది ఆయన ఎప్పుడూ చెయ్యని పని. ఈలోగా లోపలికెళ్లి కుక్కర్‌లో అన్నం దించి, పప్పు పెట్టొచ్చాను. కారు ముక్కుని కాస్త పైకి లేపి కింద స్టాండు పెట్టాను. గాలి పైకే వెళ్తుంది, కాబట్టి రేడియేటర్ అన్నిటికన్నా ఎత్తున ఉండాలి. దాని మీద చిన్న స్క్రూ ఉంది. ఇన్నేళ్లుగా టార్చ్ వేసి చూపిస్తున్నది నేనే కదా, ఎక్కడ ఏముందో ఆయనకంటే నాకే బాగా తెలుసు. స్క్రూ వదులు చేసి, వెనక కూలెంట్ కొద్దికొద్దిగా పోస్తూ, మధ్యమధ్యలో వెళ్లి గొట్టాల్ని నొక్కుతూ వచ్చాను. ముందు ఉత్త గాలి బుస్సుమంది. తర్వాత నురగ. తర్వాత బుడగలు, ఒకదాని వెనక ఒకటి, తెగవు. ఇన్నేళ్లూ ఈ గాలిని లోపల పెట్టుకుని భాగాలు మార్చాడు మహానుభావుడు!

“వాడొస్తే తిడతాడే. నీకెందుకా గ్రీజు పని?” అత్తగారు గుమ్మంలో నిలబడ్డారు. “కుక్కర్ ఇందాకట్నుంచీ కూస్తోంది.”

“స్టవ్ ఆపెయ్యండత్తయ్యా.”

“నేనా?”

“మీరే. మీ పక్కనే ఉంది.”

ఆవిడ లోపలికెళ్లారు. కూత ఆగింది.

బుడగలు ఆగి సన్నటి ధార వచ్చాక స్క్రూ బిగించాను. కారుని కిందికి దించి, షెడ్డు తలుపులు బార్లా తెరిచి, డ్రైవర్ సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాను. హీటర్‌లోకి కూడా నీళ్లు తిరగాలి, అక్కడి గాలీ పోవాలి, అందుకని హీటర్ ఫుల్లుగా పెట్టాను. ముల్లు నెమ్మదిగా లేచి సగం దగ్గర ఆగింది. అలాగే ఆగిపోయింది. నాకు గట్టిగా అరవాలనిపించింది సంతోషంతో.

అప్పుడు గమనించాను. నా కాళ్లు చల్లగా ఉన్నాయి.

హీటర్‌లో ఇంకా గాలి ఉందేమో అనుకున్నాను. పక్క సీటు వైపు చెయ్యి చాపి కింద పెట్టి చూశాను. చెయ్యి చురుక్కుమంది. అటు నిప్పులు కక్కుతోంది, ఇటు ఊపిరి కూడా లేదు. రెండు వైపులకీ వెళ్లేది ఒకే హీటర్‌లోని గాలి. వంగి, పెడళ్ల పైన డాష్‌బోర్డు కింద తడిమాను. గాలి వచ్చే కంత దొరికింది. అందులో ఏదో కుక్కి ఉంది. వేళ్లతో పట్టి లాగాను.

మసిగుడ్డ.

నా మసిగుడ్డ. మా అమ్మ పాత దుప్పటి, నీలం చారలది, మడతలు మడతలుగా పెట్టి, కాన్పుకి ముందు ఖాళీగా ఉన్న మధ్యాహ్నాల్లో దళసరిగా కుట్టాను, జత. ఎంత వేడి గిన్నె దించినా చెయ్యి కాలకూడదని. కొన్నాళ్లకే, ఆ స్కానింగ్‌కి ముందే, అందులో ఒకటి కనపడకుండా పోయింది. “ఒక గుడ్డముక్కని కాపాడుకోలేనిదానివి, రేపు బిడ్డనేం కాపాడుకుంటావు?” అన్నారు అత్తగారు. అప్పట్నుంచీ మిగిలిన ఒక్క గుడ్డనే రెండు చెవులకీ సగం సగం పట్టి గిన్నెలు దించుతున్నాను. నా బొటనవేలి మీద అలా కాలిన మచ్చ ఇంకా ఉంది.

ఆ రోజు మా ఆయన కూడా నాతో పాటు వెతికాడు. వంగి స్టవ్ కింద చూశాడు. “ఎక్కడికి పోతుందే, సరిగ్గా చూడు, ఇంట్లోనే ఉంటుంది” అన్నాడు.

కారు ఆపలేదు. ఆ గుడ్డని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బొబ్బలకి కాదు నా కోపం. గిన్నెలు దించినప్పుడు కాలిన చేతులకీ కాదు. నేను సిగ్గుపడ్డాను కదా, దానికి. చల్లటి కాళ్లతో కూర్చుని ఆ మనిషి నాకు ఓర్పు నేర్పాడు. నేను నేర్చుకున్నాను. మనిద్దరం కలిసి భరిస్తున్నాం అనుకుని, ఆ ఒక్క మాట పట్టుకుని, ఇన్నేళ్లు ఈ కాపురంలో ఎన్ని భరించాను! ఇంకెన్ని కంతల్లో ఇంకేమేం కుక్కి పెట్టుకున్నాడో ఎవరికి తెలుసు?

ఇక ఆ సీట్లో కూర్చునేది లేదు. ఈసారి ఎవరితోనూ చెప్పలేదు, ఎవరూ నవ్వలేదు. మసిగుడ్డని మడతపెట్టి, ఎక్కడ ఉండేదో అక్కడే, ఇంకాస్త లోపలికి కుక్కాను.

ఆయన వచ్చేసరికి రేడియేటర్ ఫ్యాన్ కాసేపు తిరిగి, తనంతట తనే ఆగిపోయింది. ముల్లు సగం దగ్గరే ఉంది. కిటికీలోంచి వంగి దాన్ని చూశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు చూశాడు.

“నేను బిగించిన గొట్టం సర్దుకున్నట్టుంది,” అన్నాడు. “దిగు, ఒక రౌండ్ వేసొస్తా.”

“ఇంకా గాలి మిగిలిందేమో రోడ్డు మీద చూడాలి. ఎప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలుసు. మీరటు ఎక్కండి.”

“నువ్వు నడుపుతావా? దీన్ని?”

“రేపు మీవాళ్లందరి ముందు పొగలు కక్కితే నన్ననొద్దు మరి.”

ఆ మాట పనిచేసింది. ఆ సీటు వైపు తిరిగి వెళ్లి, తలుపు తీసి, కూలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆ సీట్లో ఆయన కూర్చోవడం ఇదే మొదలు. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

వీధి దాటి పెద్ద రోడ్డెక్కాను. కారు వెన్న మీద పోతున్నట్టు పోయింది. ఎండ మిటమిటలాడుతోంది. సిగ్నల్ దగ్గర ఆగేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది.

“హీటర్ తగ్గించు.”

“తగ్గించకూడదు. గాలి పూర్తిగా పోవాలి.”

“కాళ్లు కాలిపోతున్నాయే!”

నేను రోడ్డు వైపే చూస్తున్నాను. ఆయన కాళ్లు అటు జరిపాడు, ఇటు జరిపాడు, పైకి ముడుచుకోబోయాడు, కుదరలేదు. అప్పుడు ఆయన చూపు నా పాదాల మీద పడింది. క్లచ్ మీద ఒకటి, బ్రేక్ మీద ఒకటి, చెమట చుక్క లేకుండా. అక్కణ్ణుంచి చూపు మెల్లగా డాష్‌బోర్డు కిందికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఏదో అడగబోయి నోరు తెరిచాడు. అడిగితే ఏం ఒప్పుకున్నట్టవుతుందో తెలిసి మూసుకున్నాడు.

ఆయన వైపు తిరిగాను. చాలా సౌమ్యంగా అన్నాను.

“నాకు మాత్రం కాలట్లేదా అండీ? నేను ఓర్చుకోవట్లేదా?”