ఎనిమిదీ, ఇంకో మరుగుజ్జూ

"ప్లూటో గ్రహం కాదు, అది మరుగుజ్జు గ్రహం" అన్న వాక్యం దగ్గర వ్యాఖ్యాత ఆగిపోయింది. గొంతు పట్టేసి కాదు, పంతం పట్టి.

ఆ ప్లానెటేరియంలో ఏళ్ళ తరబడి పిల్లలకు గ్రహాలను పరిచయం చేస్తున్న గొంతు ఆమెదే. పాత ప్రదర్శన బొమ్మలు వెలిసిపోయాయని కొత్తది తయారుచేస్తున్నారు. వ్యాఖ్యానం మళ్ళీ ఆమె చేతే చదివిస్తున్నారు. ఆమె పుట్టుకతోనే మరుగుజ్జు. రికార్డింగు గదిలో కుర్చీ ఎక్కడానికి వేసిన చెక్కపీట ఆమె కోసమే, మైకును కిందికంటా దించడమూ ఆమె కోసమే. చీకట్లో ఆ గొంతు విని, తర్వాత వెలుగులో మనిషిని చూసినవాళ్ళు "పిట్ట కొంచెం కూత ఘనం" అంటారు. మెచ్చుకున్నామనే అనుకుంటారు పాపం. ఆ సామెత కనిపెట్టినవాడు ఎదురుపడితే నాలుగు దులపాలని ఆమెకు ఎప్పటినుంచో ఉంది.

అద్దం అవతల సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకున్నాడు. "ఏమైంది మేడమ్? నోరు తిరగలేదా?"

"నోరు బాగానే తిరిగింది. వాక్యమే తిరగబడింది. మళ్ళీ వినండి. మరుగుజ్జు గ్రహం గ్రహం కాదట! ఎర్రావు ఆవు కాదన్నట్టు లేదూ?"

ఇంజనీరు నవ్వాడు. ఆమె నవ్వడం లేదని చూసి, డైరెక్టరుగారికి ఫోను కొట్టాడు.

డైరెక్టరు చెడ్డవాడేం కాదు. గొడవలంటే మహా భయం, అంతే. వస్తూనే మాటల్లో తేనె కలిపాడు.

"ఇది మనం తేల్చింది కాదమ్మా. ఖగోళ శాస్త్రవేత్తలంతా సభ పెట్టుకుని ఓటేసి తేల్చారు. సూర్యుడి చుట్టూ తిరగాలి, గుండ్రంగా ఉండాలి, తన దారి తాను శుభ్రం చేసుకోవాలి. ప్లూటోకి ఆ మూడోది కుదరలేదు."

"అంటే దాని దారిలో రాళ్ళూ రప్పలూ ఉన్నాయి, అంతేగా? ఉన్నాయని చదువుతాను. ఓటేశారని చదువుతాను. ఆ ఓటు ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారని చదువుతాను. మరుగుజ్జు కాబట్టి గ్రహం కాదు అన్నట్టు మాత్రం నా నోట రాదు. సూర్యుణ్ణి కూడా మరుగుజ్జు నక్షత్రమనే అంటారు కదా సార్. ఆయన్ని నక్షత్రం కాదన్నవాళ్ళున్నారా?"

డైరెక్టరుకు విషయం వెలిగింది. అంటే, వెలిగిందని ఆయన అనుకున్నాడు. ఆమెను తలనుంచి పీట మీది పాదాల దాకా చూసి, అలా చూసినందుకు తానే కంగారుపడ్డాడు. "అయ్యో, ఆ మాటా! మార్చేద్దామమ్మా, దాందేముంది? కుబ్జ గ్రహం అందాం."

"సంస్కృతంలో తిడితే దీవెనైపోతుందా సార్?"

"పోనీ, చిట్టి గ్రహం?"

"నాకు మరుగుజ్జు అన్న మాటతో పేచీ లేదు. నేను మరుగుజ్జునే, రోజూ అద్దంలో చూసుకుంటూనే ఉన్నాను. నా పేచీ అంతా దాని పక్కనున్న 'కాదు'తో."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఏం వేగుతాం అని డైరెక్టరు గొణుక్కున్నాడు. తర్వాత ఆమె కళ్ళలోకి చూడకుండా, "ఇట్లాగైతే ఇంకో గొంతు చూసుకోవాల్సొస్తుందమ్మా" అన్నాడు.

ఈ పనంటే ఆమెకు ప్రాణం. శని వలయాలు మొదటిసారి కనిపించినప్పుడు చీకట్లో పిల్లలంతా ఒక్కసారిగా "హో" అంటారు. ఆ అరుపు విన్న రోజున ఆమెకు అన్నం కూడా అక్కర్లేదు. అదంతా ఒక్క వాక్యానికి వదులుకోవాలా? చదివేస్తే పోలేదూ అని ఒక క్షణం అనిపించింది కూడా.

ఆ క్షణంలోనే డైరెక్టరుకు మంచి ఉపాయం తట్టింది. ముఖం విప్పారింది. "అసలు గొడవెందుకమ్మా? ప్లూటోనే తీసేద్దాం! ఎనిమిదితో ఆపేస్తే ఎవరికీ ఏ బాధా లేదు."

గొడవెందుకు. ఈ మాట ఆమె ఇంట్లో పుట్టి పెరిగిన మాట. పిల్లలెంతమంది అని ఎవరైనా అడిగితే నాన్న "ముగ్గురు, ఇంకో బుడ్డిది" అనేవాడు. ఆ ముగ్గురిలో ఆమె లేదు. అక్క పెళ్ళిలో అందరినీ ఫొటోకి నిలబెట్టినప్పుడు, "అందరూ ఏదో ఒకటి అడుగుతారు, గొడవెందుకు, బుడ్డిదాన్ని లోపల కూర్చోమనండి" అన్నాడు. నాన్నకు ఆమె అంటే ప్రేమే. ఆ ప్రేమ ఫొటోలో పడలేదు. బుడ్డిదని పిలిచినందుకు ఆమె ఏనాడూ ఏడవలేదు కానీ, గోడకు వేలాడిన ఆ ఫొటో చూసి మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇప్పుడు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

"తీసేయడానికి వీల్లేదు," అంది హెడ్‌ఫోన్లు పెట్టుకుంటూ. "రికార్డింగు పెట్టండి."

ఇంజనీరు డైరెక్టరు వైపు చూశాడు. డైరెక్టరు గడియారం వైపు చూశాడు. ఇదే సందని ఇంజనీరు మీట నొక్కేశాడు. ఆమె కాగితం బోర్లించి మైకులోకి వంగింది.

"సూర్యుడి చుట్టూ ఎనిమిది పెద్ద గ్రహాలు తిరుగుతున్నాయి. కొన్ని మరుగుజ్జు గ్రహాలూ తిరుగుతున్నాయి. వాటిలో ప్లూటో ఒకటి. ఆ పేరు సూచించింది పదకొండేళ్ళ పాప. దాన్ని గ్రహాల లెక్కలోంచి తీసేసింది పెద్దవాళ్ళు, ఓట్లేసి. అది న్యాయమో కాదో వాళ్ళింకా వాదించుకుంటూనే ఉన్నారు. ప్లూటోకి ఇదేమీ పట్టదు, దాని మానాన అది తిరుగుతోంది. పిల్లలూ, ఇంతసేపూ మీకు ఆకాశం చూపించిన నేనూ మరుగుజ్జునే. మరి నేను మనిషినో కాదో మీరే చెప్పండి."

ఇంజనీరు చెయ్యి మీట మీదే ఉండిపోయింది. డైరెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"బాగుందమ్మా. నిజంగానే బాగుంది. ఆ చివర్లో 'నేనూ మరుగుజ్జునే' అన్న ఒక్క ముక్క తీసేస్తే..."

"అదొక్కటీ ఉంచండి సార్," అంది ఆమె, పీట మీదినుంచి దిగుతూ. "కావాలంటే మిగతాదంతా తీసేయండి."