ముల్లు సున్నాకి దిగిన రోజు

విజయనగరం దగ్గర ఒక జూట్‌మిల్లులో దాలయ్య సరుకుల లిఫ్టు నడుపుతాడు. మూడో అంతస్తు నుంచి గోనె కట్టలు కిందికి దించడం అతని పని. మనుషులు చంద్రుడి మీద దిగిన ఏడాది, కాలేజీలో ఫిజిక్సు చెప్పే గణపతిరావు మేనేజరు అనుమతితో ఆ లిఫ్టు ఎక్కాడు. పై కొక్కేనికి స్ప్రింగు త్రాసు తగిలించి, దానికి రెండు కిలోల గుండు వేలాడదీశాడు.

లిఫ్టు దిగడం మొదలవగానే ముల్లు కాస్త తగ్గి, మళ్లీ రెండుకి వచ్చింది.

"చూశావా దాలయ్యా, కిందికి కదిలే క్షణంలో బరువు తగ్గుతుంది. పట్టు పూర్తిగా వదిలేస్తే అసలు బరువే ఉండదు. రాకెట్లో వాళ్లకి అలాగే ఉంటుంది."

రెండో అంతస్తు దగ్గర ముల్లు ఉన్నట్టుండి ఒకటికి పడిపోయింది. పెద్ద కుదుపుతో లిఫ్టు సర్దుకుంది. గణపతిరావు మొహం వెలిగింది.

దాలయ్య ముల్లు కేసి చూశాడు. నెల్లాళ్లుగా అక్కడికి రాగానే కాళ్లు తేలినట్టుంటే, వయసు మీదపడి కళ్లు తిరుగుతున్నాయనుకున్నాడు.

"బయలెల్లినప్పుడు తేలికైతే సరే. మద్దిలో ఎందుకవ్వాల బాబూ?"

గణపతిరావు నవ్వు ఆగిపోయింది. "బ్రేకు జారుతోంది," అన్నాడు.

కిందికి వెళ్లి ఇద్దరూ ఆ సంగతి చెబితే, మేనేజరు కాగితాల మీంచి తలెత్తలేదు. "సాయంత్రం లారీ వెళ్లాలి. పని చూడు."

దాలయ్య గణపతిరావుతో పైకెళ్లి లిఫ్టులోకి కట్టలు ఎక్కించాడు. ఎప్పటిలాగే కూలి అసిరమ్మ వాటి పక్కన నిలబడబోతే చెయ్యి పట్టి ఆపాడు.

"ఒద్దే. మెట్లమ్మట దిగు."

"ఏటైనాది మావా?"

"సెప్పినట్టు సెయ్యి."

ముగ్గురూ రెండో అంతస్తుకి దిగారు. దాలయ్య లిఫ్టుని కిందికి దించే బయటి తాడు లాగాడు. కట్టలతో, ఇంకా కొక్కేనికే వేలాడుతున్న త్రాసుతో లిఫ్టు పైనుంచి వచ్చింది. కళ్లెదుటికి రాగానే ముల్లు సున్నాకి దిగింది. రెప్పపాటులో లిఫ్టు లేదు. కింద గోడలదిరేలా చప్పుడైంది.

దుమ్ములోంచి మేనేజరు మెట్లెక్కి వచ్చాడు.

"లోపల ఎవరున్నారు?"

"ఎవులూ లేరు బాబూ."

మేనేజరు అతని మొహంలోకి చూశాడు. "రోజూ లోపలుండేవాడివి. ఇవాళే ఎందుకు లేవు?"

గణపతిరావు ముందుకొచ్చి, "బ్రేకు సంగతి ఇందాకే చెప్పాం కదండీ," అన్నాడు.

"నాతో ఎవరూ ఏమీ చెప్పలేదు. లిఫ్టుని ముట్టుకున్నది మీరిద్దరే," అని మేనేజరు జేబులోంచి పెన్ను తీసి, ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు.